విజయమ్మ అడగని తొమ్మిదో ప్రశ్న

బన్సీలాల్‌పేటలో విజయమ్మ అడగలేని మాటంటూ లేదని జనం అంటారు. పదిహేడేళ్ళుగా ఆమె ఆ బస్తీకి ఆశా వర్కర్. కొత్త కోడలు ఎదురైతే నెల తప్పిందా అని మెట్లమీదే అడుగుతుంది. పెద్దాయనకు పొద్దున విరేచనం అయిందో లేదో గల్లీ అవతలినుంచే కేకేసి కనుక్కుంటుంది. తాగొచ్చిన మగాణ్ణి ఎంత తాగావని నిలదీసి, వాడు చెప్పినదానికి రెట్టింపు రాసుకుంటుంది. "నీ పెండ్లాం నోట్ల నువ్వుగింజ నానదు భద్రన్నా" అని ఎవరైనా అంటే, కంటోన్మెంటు జవాన్లకు యూనిఫాంలు కుట్టే ఆమె మొగుడు భద్రయ్య మిషన్ ఆపకుండానే, "నానితే మన బస్తీల ఒక్క పిల్లకు సుత టీకా పడకపోతుండె" అంటాడు.

అలాంటి నోరు ఒకే ఒక్క మాట దగ్గర మూతపడుతుంది. పొద్దుగూకి దీపం పెట్టే వేళ చావు అనే మాట ఆమె పలకదు. ఎవరైనా పలికితే అక్కడ నిలబడదు. దాని వెనక సంగతి భద్రయ్యతో సహా ఎవరికీ తెలియదు.

అప్పుడామెకు పదకొండేళ్ళు, తమ్ముడు కిషన్‌కు ఏడు. ఇప్పుడు జనం వచ్చి ఫోటోలు దిగే మెట్లబావి ఆ రోజుల్లో చెత్తతో పూడిపోయి ఉండేది, దానికి నాలుగిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. ఒక సాయంత్రం ఆమె పలకమీద చేసుకున్న లెక్కలన్నీ కిషన్ ఉమ్ముతో తుడిచేశాడు. అమ్మ గూట్లో దీపం ముట్టిస్తూ ఉంది. విజయమ్మ కోపం పట్టలేక, "నువ్వు సావరాదురా, నా పీడ పోతది" అంది. అక్కాతమ్ముళ్ళున్న ఏ ఇంట్లోనైనా రోజుకు నాలుగుసార్లు వినబడే మాటే అది. కానీ దీపాలవేళ తథాస్తు దేవతలు ఇళ్ళమీదుగా తిరుగుతుంటారని, చెవిన పడ్డ మాటకల్లా తథాస్తు అనేసి పోతారని ఆ ఇంట్లో గట్టి నమ్మకం. అమ్మ గిరుక్కున తిరిగి మూతిమీద ఒక్కటి చరిచింది. నాలుగో రోజు కిషన్‌కు జ్వరం తలకెక్కింది. ఆరో రోజుకు వాడు లేడు.

డాక్టరు మెదడువాపు అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, తిట్టినా బాగుండేది. బతికినన్నాళ్ళూ దీపం ముట్టించే ముందు విజయమ్మ వైపు తిరిగి పెదవులమీద వేలు పెట్టుకునేది, అంతే. అమ్మ పోయినా ఆ వేలు పోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తన నోరు మంచిది కాదని ఆ పిల్ల పదకొండేళ్ళకే తీర్మానం చేసేసుకుంది. మిగతా మాటలన్నీ అంత గట్టిగా మాట్లాడటం బహుశా ఆ ఒక్కదాన్ని కప్పిపెట్టడానికే అయివుంటుంది.

నిరుడు వానాకాలంలో బస్తీ దవాఖానాకు కొత్త కబురొచ్చింది. ఆరోగ్యశాఖవాళ్ళు, మానసిక వైద్యులు, ఒక కాలేజీ పరిశోధకులు చేయీ చేయీ కలిపి, సికింద్రాబాదు చుట్టుపక్కల ఐదు చోట్ల ఇంటింటికీ తిరిగి జనం మనసు ఎలా ఉందో తెలుసుకుంటారట. తిరగాల్సింది ఆశా వర్కర్లే. ఎక్కడ అవసరం ఎక్కువని తేలితే అక్కడ వారానికో రోజు కౌన్సెలరు కూర్చుంటుంది. అప్పటికే బన్సీలాల్‌పేటకు ప్రతి గురువారం ఒకామె వస్తోంది. ఆ గురువారం నిలవడమూ పోవడమూ కూడా ఈ కాగితాలమీదే ఉంది.

పరిశోధన నడిపేది లీలాకుమారి. నలభై దాటిన మనిషి, కాటన్ చీర, భుజాన బరువైన సంచి. చెప్పేసి పోకుండా అడిగి రాసుకోవడం ఆమెలో విజయమ్మకు బాగా నచ్చింది. ట్రైనింగు మొదటి రోజే ప్రశ్నల కాగితం ఆశాల చేతికిచ్చి, "ఇది మేం గదిలో కూర్చుని రాసింది. మీ గల్లీలో ఈ మాటలు నడుస్తాయో లేదో మీరే చెప్పాలి" అంది.

కాగితంమీద తొమ్మిది ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఫలానాది ఎన్ని రోజులు అనిపించిందని అడగాలి. అసలు లేదంటే సున్నా, దాదాపు రోజూ అంటే మూడు. చెప్పిన అంకె చుట్టూ పెన్నుతో గీత గీయాలి. మొదటి ప్రశ్నలోనే 'నిరాసక్తత' అని కనబడేసరికి విజయమ్మ పక్కున నవ్వింది.

"గిదేందీ మేడం, పెండ్లి పత్రికల సుత గింత గట్టి తెలుగు ఉండదు. 'దేనిమీదన్న మనసు పడుతున్నదా, లేదా' అని అడుగుండ్రి. 'పానం సుస్తుగ ఉంటున్నదా' అనుండ్రి. నిరాసక్తత అంటే మా రోసమ్మ గది ఏ దుకాణంల దొరుకుతదని అడుగుతది."

పక్కనే కూర్చున్న రోసమ్మ, తనూ ఆశా వర్కరే, విజయమ్మ తొడమీద ఒకటి వేసింది. లీలాకుమారి నవ్వుతూనే రాసుకుంది. రెండు రోజులు కూర్చుని ఎనిమిది ప్రశ్నలు తిరగరాశారు. అందులో ఐదు విజయమ్మ నోటినుంచి వచ్చినవే. ఇంటికెళ్ళి భద్రయ్యకు ఆ ఐదూ రెండుసార్లు వినిపించింది. "ఊరోళ్ళ మనసులన్ని అడుగవడ్తివి, నా మనసు జెర అడుగరాదు" అని ఆయన వేళాకోళమాడాడు.

రెండో రోజు చివర తొమ్మిదో ప్రశ్న మిగిలింది. చనిపోతే బాగుండునని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా? లీలాకుమారి నేరుగా విజయమ్మ వైపే చూసింది.

"దీన్ని మీ దగ్గర ఎలా అడిగితే బాగుంటుంది విజయమ్మగారూ?"

కిటికీలో వెలుతురు తగ్గింది. దవాఖానా నర్సు మేబెల్ లేచి ట్యూబులైటు వేసింది. విజయమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "అది మంచిగనే ఉంది మేడం, గట్లనే ఉంచుండ్రి" అంది.

"అయితే దీని సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకోండి" అని లీలాకుమారి అందరికీ చెప్పింది. "తొమ్మిదోదానికి సున్నా కాక ఏం వచ్చినా, మిగతా ఎనిమిదీ కలిపి ఎంతైందో చూడొద్దు. అప్పుడే నాకు ఫోన్ చేయండి. ఆ రోజే మేం ఆ ఇంటికి వస్తాం. సున్నా అయితే మామూలు లిస్టులో చేరుతుంది. వాళ్ళ వంతు వచ్చేసరికి రెండు మూడు నెలలు పట్టొచ్చు."

విజయమ్మ తలూపింది. అప్పుడే నోరు విప్పి, నాకు ఈ మాట పలకరాదు, నా ఇళ్ళకు వేరేవాళ్ళను పంపండి అని ఉంటే సరిపోయేది. కానీ పెద్ద మాటకారి అనిపించుకున్న మనిషికి, ఫలానా మాట నాకు రాదని పదిమందిలో ఒప్పుకోవడం చాలా కష్టం.

బస్తీలో పగలు ఇళ్ళకు తాళాలుంటాయి. మనుషులు దొరికేది పనులనుంచి తిరిగొచ్చాకే, ఆరూ ఏడూ మధ్య, సరిగ్గా దీపాలవేళ. గడపలో దీపం, గూట్లో అగరొత్తి, విజయమ్మ చేతిలో కాగితం. ఎనిమిది ప్రశ్నలూ గడగడా అడిగేది. తొమ్మిదోది వచ్చేసరికి అవతలివాళ్ళ మొహం చూడకుండా సున్నా చుట్టేసి కాగితం తిరగేసేది. పదో ఇంటికి అది అలవాటైపోయింది. శుభం పలకరా మంకన్నా అంటే పెళ్లికూతురు ముండ ఎక్కడ అన్నాడట. దీపం వెలిగే ఇంట్లో నిలబడి ఆ మంకన్నలా మాట్లాడేకంటే ఒక సున్నా చుట్టడమే పుణ్యమనుకుంది. తన నోటినుంచి ఆ ఇళ్ళను కాపాడుతున్నాననే అనుకుంది. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ, అందులో దొంగబుద్ధి లేదు, భయమే ఉంది. అలా నూట ఎనభై ఆరు ఇళ్ళు తిరిగి, ఇంటికొక కాగితం, నూట ఎనభై ఆరు సున్నాలు తెచ్చింది.

ఆ ఇళ్ళలో ఒకటి గవరమ్మది. మెట్లబావి వెనక సందులో రెండో అంతస్తు. గవరమ్మ వాళ్ళది విజయనగరం వైపు. కొడుకు వాసు సైనిక్‌పురిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. కోడలు పూజిత డిగ్రీ చదివింది, ఏడో నెల దాకా ఒక బట్టల షోరూములో బిల్లింగు కౌంటర్లో పనిచేసింది. కాన్పుకు ఆమెను ఆటోలో పొదివి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది విజయమ్మే. ఆడపిల్ల పుట్టింది. విజయమ్మ కాగితం పట్టుకుని వెళ్ళిననాటికి పాపకు రెండో నెల.

పూజిత జుట్టు దువ్వుకోలేదు. పాపను ఒళ్ళో పెట్టుకుని, అడిగినదానికి మాత్రం మెల్లగా జవాబు చెప్పింది. పాప పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదంది. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుందంది. తనవల్ల అందరికీ ఇబ్బందే అనిపిస్తుందంది. ఎనిమిదింటికీ కలిపి పద్నాలుగైంది.

"బాలింతలకి అలాగే ఉంటాది విజయమ్మా" అని పొయ్యి దగ్గరనుంచి గవరమ్మ అంది. "నాకు మాత్రం ఉండనేదేటి? పిల్ల నవ్వడం మొదలెడితే అన్నీ సర్దుకుంతాయి."

అంటూనే వచ్చి గడపలో దీపం పెట్టింది. విజయమ్మ పెన్ను తొమ్మిదోదాని దగ్గర సున్నా చుట్టింది. పూజిత ఆ కాగితాన్ని ఎదురుగా కూర్చుని తలకిందులుగానే చదివింది. బిల్లింగు కౌంటర్లో పనిచేసిన పిల్లకు అటువైపునుంచి చదవడం అలవాటే.

"ఇంకొకటి ఉంది కదా ఆంటీ, తొమ్మిదోది. అది అడగలేదేంటి?"

"అది నీకు కాదు బిడ్డా" అంది విజయమ్మ, కాగితం సంచిలో పెట్టేస్తూ. "బంగారమసొంటి పాపుంది. నీకెందుకు గా ముచ్చట."

పూజిత పాప తలమీద చెయ్యి వేసి కాసేపు చూసింది. "సరే ఆంటీ" అంది.

మూడు వారాల తర్వాత టీకా గుర్తుచేయడానికి వెళ్ళినప్పుడు గోడమీద ఒక తెల్ల అట్ట కనబడింది. పూజిత దస్తూరీ, నీలం సిరా, పెద్ద పెద్ద అక్షరాలు. పాపకు ఏ వేళ పాలు పట్టాలి, ఏ ఏడుపు ఆకలి ఏడుపు, ఏది నిద్ర ఏడుపు. ఎడమ భుజంమీద వేసుకుంటే తొందరగా నిద్రపోతుంది. తల వెనక రుద్దితే ఏడుపు మానుతుంది. టీకాల తేదీలు వరసగా ఐదో ఏడు దాకా. అడుగున బడిలో వేయాల్సిన సంవత్సరం. విజయమ్మ ముచ్చటపడిపోయింది. పూజిత ఆ రోజు తల దువ్వుకుని ఉంది, అడిగితే బాగానే ఉన్నానంది. విజయమ్మ ఆ అట్టను ఫోన్లో ఫోటో తీసి, 'తల్లి అంటే గిట్ల ఉండాలె' అని రాసి ఆశాల గ్రూపులో పెట్టింది. రోసమ్మ దానికి దండం బొమ్మ పెట్టింది.

ఇంకో వారానికి రివ్యూ మీటింగు, ఒక ఆఫీసు మేడమీది హాల్లో. చాయ్, ఉస్మానియా బిస్కట్లు, ముందు వరసలో కుర్చీలకు తెల్ల గుడ్డలు. తెరమీద ఐదు చోట్ల లెక్కా పక్కపక్కన వేశారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర నాలుగింటికి ఎర్ర గీతలున్నాయి, కాప్రాది అన్నిటికన్నా పొడుగు. బన్సీలాల్‌పేట పేరు పక్కన గీత లేదు, తెల్లగా ఉంది.

ముందు వరసలోని పెద్ద అధికారి లేచి, ఇదే మనకు కావాల్సింది అన్నాడు. అందరికీ అందరూ తెలిసిన బస్తీ, అలుపు లేకుండా తిరిగే ఆశా వర్కర్, ఇక మనసుకు జబ్బెందుకు వస్తుందన్నాడు. అవసరం లేనిచోట రోజు వృథా చేయడం దేనికని, వచ్చే వారంనుంచి బన్సీలాల్‌పేట గురువారాన్ని కాప్రాకు మార్చేస్తున్నామని చెప్పాడు. విజయమ్మను ముందుకు పిలిచి శాలువా కప్పారు. చప్పట్లు కొడుతుంటే శాలువా కింద ఆమెకు చెమటలు పట్టాయి. కూర్చోవడానికి తిరిగొస్తూ చూస్తే, లీలాకుమారి ఒక్కతే చప్పట్లు కొట్టడం లేదు.

చాయ్ తాగేటప్పుడు ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "విజయమ్మగారూ, నాకు ఆ సున్నాలు చూస్తే భయమేస్తోంది. ఇన్నేళ్ళ పనిలో ఇంతమందిలో ఒక్కరూ లేకపోవడం నేనెక్కడా చూడలేదు."

మాట మార్చడం విజయమ్మకు కొత్త కాదు. "మా బస్తీ అట్లనే ఉంటది మేడం. గీ పిల్లను చూడుండ్రి, బాలింత. మొన్నటిదాక జెర పరేషాన్‌ల ఉండె. ఇప్పుడు ఎట్ల రాసిపెట్టుకున్నదో" అని ఫోన్లో ఆ అట్ట ఫోటో తీసి చూపించింది.

లీలాకుమారి రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని పైనుంచి కిందిదాకా చదివింది. మళ్ళీ పైకి వెళ్ళింది.

"పాప దగ్గర రోజంతా ఉండేది ఎవరు?"

"ఈ పిల్లనే."

"ఎడమ భుజంమీద వేసుకుంటే నిద్రపోతుందని ఈ అమ్మాయికి తెలుసు కదా. తెలిసింది గోడమీద ఎవరికోసం రాసింది? ఐదేళ్ళ తర్వాతి తేదీ ఇప్పుడెందుకు రాసింది?"

విజయమ్మ చాయ్ కప్పు కింద పెట్టింది. తను దండం బొమ్మ పెట్టించుకున్న ఆ అట్టను ఇప్పుడు మొదటిసారి చదువుతున్నట్టు చదివింది. అక్షరాలు అంత పెద్దవి ఎందుకో అప్పుడర్థమైంది. గవరమ్మకు చూపు సరిగ్గా ఆనదు.

"తొమ్మిదోదానికి ఏమంది?" అని లీలాకుమారి అడిగింది.

"అడుగలే మేడం. ఆమెనే నన్ను అడిగింది, తొమ్మిదోది ఎందుకు అడుగుతలేవు అని. అది నీకు కాదు బిడ్డా అన్న."

లీలాకుమారి తిట్టలేదు. పూజిత నంబరు తీసుకుని ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. అప్పటికి ఐదున్నర దాటింది.

"మీరు ఆటోలో ముందు పొండి. నేను డాక్టరుతో మాట్లాడి బండి తీసుకుని వెనకే వస్తా. ఆమెను ఒక్క క్షణం ఒంటరిగా వదలొద్దు. సూటిగా అడగండి, డొంకతిరుగుడు వద్దు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు విజయమ్మగారూ. ఉన్నదే బయటికొస్తుంది."

ఆటో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా విజయమ్మకు ప్రాణం పోయినంత పనైంది. రోడ్డుకు అటూ ఇటూ దుకాణాల్లో అగరొత్తులు వెలిగిస్తున్నారు. ఒక పూలమ్మే ఆమె తన బండిమీద చిన్న దీపం పెట్టుకుని దండం పెడుతోంది. పొద్దు గబగబా కుంగిపోతోంది. శాలువా తీయడం కూడా మరచిపోయి, విజయమ్మ ఫోన్ నొక్కుతూనే ఉంది, అది మోగుతూనే ఉంది. పగలు అడిగితే ఏం పోయేది అని తన్ను తాను తిట్టుకుంది. పగలు ఒక్క ఇల్లయినా వెనక్కి తిరిగి వెళ్ళి అడగలేదు కదా. కిషన్ మొహం గుర్తుతెచ్చుకోబోతే రాలేదు. ఆ పిల్లాడి ఉమ్ముతో తడిసిన పలక మాత్రమే కళ్ళముందుకు వచ్చింది.

మెట్లెక్కి తలుపు దగ్గరికి వెళ్ళేసరికి గవరమ్మ ఎదురొచ్చి పెదవులమీద వేలు పెట్టుకుంది. విజయమ్మ అక్కడే నిలబడిపోయింది.

"నెమ్మదిగా రా విజయమ్మా, పాప ఇప్పుడే తొంగుంది."

"పూజిత ఏది?"

"లోపల గదిలో ఉన్నాది. పొద్దున్నించి ఒకటే సర్దుడు. ఎంత ఉషారుగా ఉన్నాదో. తలంటుకున్నాది, నాకు టిఫిను కూడా తనే ఎట్టింది. నిన్నటిదాకా ఉన్న మనిషేనా అనిపించింది నాకు" అని గవరమ్మ సంతోషంగా చెప్పింది.

గదిలో మంచంమీద బట్టల సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ పిన్నీసుతో ఒక చీటీ. ఆరు నెలలు. ఏడాది. రెండేళ్ళు. పూజిత చివరి సంచిలో పెట్టడానికి ఒక పెద్ద సైజు గౌను మడత పెడుతోంది. మొహం తేటగా ఉంది. ఫోన్ కిటికీలో బోర్లా పడి ఉంది.

"రండి ఆంటీ. శాలువా బాగుంది" అంది.

విజయమ్మ మంచంమీద కూర్చుని ఆమె చేతిలోంచి గౌను తీసుకుంది. గవరమ్మ అగ్గిపెట్టె పట్టుకుని ఆ గదిలోకే వచ్చింది, దేవుడి గూడు ఉన్నది అక్కడే. రెండు నిమిషాలు ఆగితే దీపం పెట్టడం అయిపోతుంది, అప్పుడు అడగొచ్చు అనుకుంది విజయమ్మ. ఇన్ని ఇళ్ళలో ఆగిందీ ఆ రెండు నిమిషాల కోసమే అని వెంటనే తట్టింది. పూజిత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బిడ్డా, గా తొమ్మిదోది నీకు కాదని చెప్పిన. తప్పు చెప్పిన. ఇప్పుడు అడుగుతున్న. సచ్చిపోతే మంచిగుండు అనిపిస్తున్నదా నీకు? నిన్ను నువ్వు ఏమన్న చేసుకోవాలని మనసుకు వస్తున్నదా?"

గవరమ్మ చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలి ఆరిపోయింది. "దీపాలేల ఏటా మాట, విజయమ్మా? నీ నోటికి అడ్డూ ఆపూ నేదా?"

విజయమ్మ ఆమె వైపు చూడలేదు. పదకొండేళ్ళనాటి పిల్లలా చెవులు రిక్కించింది. పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. కింద ఎవరో స్కూటరు ఆపారు. తథాస్తు అని ఎవరూ అనలేదు.

పూజిత మామూలు గొంతుతోనే చెప్పింది.

"రోజూ అనిపిస్తుంది ఆంటీ. ఈ రోజు ఈ సంచులు అయిపోతే ఇంక నాకు ఇక్కడ పనేమీ ఉండదనుకున్నాను. ఇదే ఆఖరిది."

విజయమ్మ ఆ గౌనును తన ఒళ్ళో దాచేసుకుంది. ఏడుపు ఆపుకోలేదు. గవరమ్మ గోడ పట్టుకుని అలాగే నేలమీదికి జారిపోయింది.

"ఓలమ్మా. నాతో సెప్పనేదేటే తల్లీ?"

"మీరు బాలింతలకి అలాగే ఉంటుందన్నారు అత్తయ్యా. ఆంటీ నాకు కాదన్నారు. ఇంకెవరికి చెప్పను?"

గవరమ్మ పాకుతున్నట్టు వచ్చి కోడలి పాదాలు పట్టుకుని కూర్చుంది. విజయమ్మ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఏం మాట్లాడాలో తెలియక, కిషన్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది, పలక దగ్గరనుంచి అమ్మ వేలు దాకా. పూజిత విన్నది. "మెదడువాపు ఎవరో అన్నందుకు రాదు కదా ఆంటీ" అంది. నలభై ఏళ్ళలో ఆ మాట విజయమ్మతో ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆమె ఎవరికీ చెప్పలేదు.

అరగంటలో లీలాకుమారి, డాక్టరు వచ్చారు. ఫోన్ అందుకుని వాసు సైనిక్‌పురినుంచి బయల్దేరాడు. డాక్టరు పూజితతో విడిగా మాట్లాడి, ఇప్పుడే ఆస్పత్రిలో చేర్చాలని, పాపనూ వెంట ఉంచుకోవచ్చని, మందుల పని మొదలై మనసు కుదుటపడేదాకా పక్కన ఒక మనిషి ఉండాలని చెప్పాడు. బాగవుతుందా అని గవరమ్మ అడిగితే, చాలామందికి బాగవుతుంది, వేళకు వచ్చారు అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేని స్థితి అది. గవరమ్మ పాపను ఎడమ భుజంమీద వేసుకుంది. ఆ గదిలో దీపం ఆ సాయంత్రం ఎవరూ పెట్టలేదు.

సందు మొదట్లో బండి ఎక్కేముందు పూజిత ఆగింది.

"ఆంటీ, ఆ కాగితం చాలా ఇళ్ళల్లో రాశారు కదా. తొమ్మిదోది నన్ను ఒక్కదాన్నే అడగలేదా?"

బండి తలుపు పట్టుకుని నిలబడ్డ లీలాకుమారి కూడా విజయమ్మ వైపు తిరిగింది. విజయమ్మ సందులోకి చూసింది. అటూ ఇటూ అన్ని గడపల్లోనూ దీపాలు వెలుగుతున్నాయి. కొన్ని ఇళ్ళల్లో టీవీలు మోగుతున్నాయి, కొన్ని ఇళ్ళల్లో చప్పుడు లేదు.

"ఎవర్నీ అడుగలే బిడ్డా" అంది.

బండి వెళ్ళిపోయాక ఆమె శాలువా తీసి మడిచి సంచిలో పెట్టుకుంది. చెంగుతో మొహం తుడుచుకుని, పక్కింటి తలుపు కొట్టింది.